బీడీ లెక్క అడిగిన ఫారం కులం ఎందుకు అడగదు? (వాడ సంగతులు – 17)

మన ఇండ్లల్ల ఎవరన్న చనిపోతే పంచాయతీ ఆఫీసుల ఒక ఫారం నింపుతరు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద ఇన్నేండ్లు దేశమంతా నడిచిన ఫారం, రెండో నంబరుది. మనోళ్ళు దాన్ని చదవరు. సెక్రటరీ చూపిన కాడ సంతకమో వేలిముద్రో పెట్టి సర్టిఫికెట్ తెచ్చుకుంటరు. ఒకసారి కూసోని చదవండి. చనిపోయిన మనిషి మతం ఏందని అడుగుతది. ఏం పని చేస్తుండె అని అడుగుతది. బీడీ సిగరెట్ తాగే అలవాటు ఉండెనా, ఉంటే ఎన్నేండ్ల సంది? తంబాకు నములుతుండెనా, ఎన్నేండ్ల సంది? వక్క నములుతుండెనా? మందు తాగుతుండెనా, ఎన్నేండ్ల సంది?

కులం మాత్రం అడగదు.

బడిల చేరేటప్పుడు అడుగుతరు, హాస్టల్ల అడుగుతరు, లోన్ కాడ అడుగుతరు, ఇల్లు కిరాయికి కావాలంటే నోటితోని అడగకున్నా ఇంటిపేరుతోని అడుగుతరు. ఆఖరికి బొందలగడ్డల ఏ మూలకు పెట్టాల్నో కులమే చెప్తది. ఇన్ని కాడ అడిగే దేశం, మనిషి ఎందుకు చచ్చిండో రాసుకునే ఒక్క కాగితం కాడ మాత్రం మర్యాదగ నోరు మూసుకుంటది. చచ్చినోని తప్పులు రాసుకునేటందుకు నాలుగు గడులు పెట్టుకున్నరు. వాన్ని సగం ఆయుష్షుకే పడగొట్టిన దాన్ని రాసుకునేటందుకు ఒక్క గడి లేదు.

ఈ భాగం పక్షవాతం మీద. మన దిక్కు కాలు చెయ్యి పడ్డది అంటం, మూతి వంకర పోయింది అంటం. నల్లగొండల గాని పాలమూరుల గాని ఏ వాడకు పోయినా, ఏ తండాకు పోయినా, ఆకిట్ల మంచమేసి ఎండకు కూసోబెట్టిన మనిషి ఒకరన్న కనబడతరు. వాళ్ళు బతికి మిగిలినోళ్ళు. మిగలనోళ్ళు ఎంతమందో చెప్పమంటే ఏ ఆఫీసు కాడ జవాబు లేదు.

పోయిన భాగం చదివి నాకు తెలిసిన ఒక డాక్టర్ సారు ఫోన్ చేసిండు. మంచి మనిషే, మనోళ్ళకు ఫీజు తగ్గించే మనిషి. "అన్నా, అన్నిట్ల కులం తెస్తవేంది? పక్షవాతానికి కారణం బీపీ, షుగర్, పొగాకు, తాగుడు. పేదరికం అను, ఒప్పుకుంట. రక్తనాళానికి కులం ఎక్కడిదన్నా?" అన్నడు. ఆ మాటకే ఈ జవాబు. సారు ఒక్కడే గాదు, ఎర్రజెండా పట్టుకున్న మన పాత దోస్తులు కూడ ఇదే మాట ఇంకో తీరుగ అంటరు కాబట్టి జర పొడుగ్గ రాస్తున్న.

ముందు ఈ అలవాట్ల సంగతి. 2014ల ప్యూర్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చినయి. 17 దేశాలు, మన దేశం కూడ అండ్ల ఉంది, లక్షన్నర మంది మనుషులు. గుండెపోటు, పక్షవాతం తెచ్చే ప్రమాదాలు, అంటే బీపీ, షుగర్, పొగాకు, ఊబకాయం లాంటివి అన్నీ కలిపి మనిషికో మార్కు వేసిండ్రు. ఆ ప్రమాదం మార్కు ఎక్కువ ఉన్నది డబ్బున్న దేశాలల్ల. తక్కువ ఉన్నది పేద దేశాలల్ల. మరి చావులు? అవి తలకిందులు. ప్రమాదం తక్కువున్న పేద దేశాలల్లనే ఎక్కువ చచ్చిండ్రు. అంటే డాక్టర్ సారు చెప్పే అలవాట్లు బలిసినోళ్ళకు ఎక్కువ, వాటి శిక్ష బక్కోళ్ళకు ఎక్కువ. బంజారాహిల్స్ మనిషికి బీపీ ఉంటే అది ఒక గోలీ. మర్రిగూడ కూలికి అదే బీపీ ఉంటే అది మూడేండ్లకో అయిదేండ్లకో పడే దెబ్బ. తేడా రక్తంల లేదు.

ఇగ పేదరికం అను ఒప్పుకుంట అన్న మాట. ఇది వినటానికి మంచిగుంటది. 2022ల సంగీత వ్యాస్, పాయల్ హాథీ, ఆశిష్ గుప్తా అనే ముగ్గురు పరిశోధకులు ఉత్తరాది, తూర్పు దిక్కు తొమ్మిది రాష్ట్రాల లెక్కలు తీసిండ్రు. రెండు కోట్ల మందికి పైగా మనుషుల సర్వే అది. పై కులాల హిందువుల కన్న ఆదివాసులు నాలుగేండ్లకు పైగా తక్కువ బతుకుతున్నరు, దళితులు మూడేండ్లకు పైగా తక్కువ బతుకుతున్నరు. సరే, పేదోళ్ళు కాబట్టి అంటరు గదా, వాళ్ళు ఆ లెక్క కూడ చూసిండ్రు. ఇల్లు, ఆస్తి, అన్నీ సమానం చేసి చూస్తే కూడ తేడాల సగం కూడ తగ్గలే. మిగిలిన సగానికి పైన ఏంది మరి? ఎర్రజెండా దోస్తులారా, ఆ మిగిలినదానికి పేరు పెట్టండి. మా వాడల దానికి పేరుంది.

ఆ తొమ్మిదింట్ల తెలంగాణ లేదు. మన లెక్క ఎవరూ తీయలే. తీయనీకి సామాను లేక కాదు, 2024 నవంబర్ల ఇంటింటికి తిరిగి కులగణన చేసినం గదా, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని పాయింట్ల దాకా చెప్పినరు గదా. బతికున్నోళ్ళను పాయింట్ల దాకా లెక్కపెట్టొచ్చు, చచ్చినోళ్ళను లెక్కపెట్టొద్దా?

అసలు ఉన్న లెక్క కూడ ఎట్లున్నదో చూడండి. దేశంల నమోదైన చావులల్ల డాక్టర్ కారణం రాసిచ్చినవి నాలుగోవంతు కూడ లేవు. మన ఊర్లల్ల ఇంటికాడ చనిపోతే ముసలితనం అని రాస్తరు, కాకుంటే గుండె ఆగింది అని రాస్తరు. ఎవరికైనా ఆఖరుకు గుండె ఆగుడే. దానికి తోడు చట్టం ప్రకారం చావు ఎక్కడ జరిగితే అక్కడనే నమోదు. నారాయణపేట మనిషి ముంబైల సెంట్రింగ్ పని కాడ కూలబడి చనిపోతే ఆ చావు ముంబై రిజిస్టర్ల పడతది. అచ్చంపేట మనిషి ఉస్మానియాలనో గాంధీలనో చనిపోతే హైదరాబాద్ రిజిస్టర్ల పడతది. శవం మాత్రం వాడకు వస్తది. ఇంక జిల్లాల పటం గీసి, ఏ జిల్లాల పక్షవాతం చావులు ఎక్కువ, ఏ జిల్లాల తక్కువ అని రంగులు వేస్తే పాలమూరు పచ్చగ కనబడ్డా నేను ఆశ్చర్యపోను. వలస జిల్లా తన చావులను కూడ వలస పంపుతది.

రాష్ట్రాల లెక్కల ఈశాన్యం, తూర్పు రాష్ట్రాలు ఎర్రగ కనబడతయి, అక్కడ పక్షవాతం చావులు నిజంగనే ఎక్కువ. తెలంగాణ మధ్యరకంగ కనబడతది. తెలంగాణ అంటే ఏంది? గచ్చిబౌలిని, నల్లమలల అప్పాపూర్ చెంచుపెంటను కలిపి తీసిన సగటు. ఆ సగటు మనిషి యాడ ఉంటడో నేనైతే చూడలే.

ఇప్పుడు సారు అడిగిన అసలు ప్రశ్న, రక్తనాళానికి కులం ఎక్కడిది అన్నది.

అమెరికాల ఇదే ప్రశ్న నల్లజాతి మీద నడిచింది. ఆ దేశం ఆగ్నేయం దిక్కు రాష్ట్రాలల్ల, పాత బానిసల పత్తి తోటల నేల మీద, పక్షవాతం చావులు ఎక్కువ అని 1960ల నుంచే తెలుసు. దానికి స్ట్రోక్ బెల్ట్ అని పేరు పెట్టిండ్రు. అన్ని చోట్ల గూడ తెల్లోళ్ళ కన్న నల్లోళ్ళు ఎక్కువ చస్తరు, నడి వయసులనే చస్తరు. వాళ్ళ రక్తంలనే ఏదో ఉందని చానమంది డాక్టర్లు రాసిండ్రు. అప్పుడు రిచర్డ్ కూపర్ అనే డాక్టర్ తన తోటోళ్ళతోని కలిసి ఒక పని చేసిండు. పశ్చిమ ఆఫ్రికాల ఉన్నోళ్ళను, అక్కడి నుంచి బానిసలుగ పోయి కరీబియన్ దీవులల్ల ఉన్నోళ్ళ వారసులను, చికాగో పక్కన ఉన్నోళ్ళ వారసులను, ఒకే తీరుగ బీపీ చూసిండు. 1990లల్ల ముచ్చట. ఆఫ్రికాల బీపీ ఉన్నోళ్ళు తక్కువ, ఆరుగురిల ఒకరు. దీవులల్ల నలుగురిల ఒకరు. అమెరికాల ముగ్గురిల ఒకరు. మూలం ఒక్కటే, బతికే దేశం వేరు. బీపీని పుట్టుక తేలే, ఆ సమాజం తెచ్చింది. మన కులం అంతకన్న సులువు ముచ్చట. మాదిగోని రక్తనాళం, రెడ్డిగారి రక్తనాళం కోసి చూస్తే ఏ తేడా కనబడదు. ఆ నాళంలకు ఏం పోసినం, దాన్ని ఎంత గుంజినం, దాన్ని ఎవరు ముట్టి చూసిండ్రు, అక్కడ ఉంది కులం.

కడుపుల నుంచి మొదలుపెడదాం. డేవిడ్ బార్కర్ అనే ఇంగ్లండ్ డాక్టర్ 1987ల ఒక లెక్క చూపించిండు. ఇంగ్లండ్ల పక్షవాతం చావులు ఎక్కువున్న జిల్లాలు ఏవి? అర్ధ శతాబ్దం కింద కాన్పులల్ల తల్లులు ఎక్కువ చచ్చిన జిల్లాలే. అంటే తల్లుల ఆకలి ఏ జిల్లాల ఉండెనో, పిల్లల మెదడుల నరం ఆ జిల్లాలనే తెగింది, యాభై అరవై ఏండ్లు ఆగి. ఇది దొరల దేశం ముచ్చట అంటరేమో, మన పక్కదే చెప్తా. హైదరాబాద్ దగ్గర 29 ఊర్లల్ల 1987 నుంచి 1990 దాకా ఒక ప్రయత్నం చేసిండ్రు. సగం ఊర్లల్ల గర్భిణులకు, చిన్న పిల్లలకు అంగన్వాడీ తిండి అందింది, సగం ఊర్లల్ల ఇంకా అందలే. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏండ్లు వచ్చినంక మల్ల పరీక్ష చేసిండ్రు. తిండి అందిన ఊర్ల పిల్లల రక్తనాళాలు తక్కువ బిరుసుగ ఉన్నయి, షుగర్ దిక్కు పోయే లక్షణాలు తక్కువున్నయి. 2008ల అచ్చయింది. ఒక పూట ఉప్మా అంత పని చేసింది! ఆలోచించండి. పాలమూరు తల్లి గర్భంతోని తట్ట మోసి, మేస్త్రీ అడ్వాన్స్ తీరేదాక పుణె బిల్డింగ్ కింద పండుకుని కన్న పిల్లగానికి నలభై అయిదేండ్లకు చెయ్యి పడిపోతే, ఫారంల అడుగుతరు, బీడీ ఎన్నేండ్ల సంది అని.

నల్లగొండది ఇంకో దారి. మునుగోడు, మర్రిగూడ, చండూరు, నాంపల్లి దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళు ఎముకలను వంచిన సంగతి లోకానికంతా తెలుసు. నీళ్ళల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టుకున్నరు, పేరు మాత్రం మనకు దక్కింది. డబ్బున్నోళ్ళు మంచి నీళ్ళు కొనుక్కున్నరు. కొనలేనోళ్ళు బోరు నీళ్ళు తాగిండ్రు. భగీరథ నీళ్ళు వచ్చినంక పుట్టిన పిల్లల సంగతి వేరు, అంతకుముందు వంగిన ఎముక మల్ల లేవదు. ఆ నొప్పితోని కూలికి పోవాలంటే ఏం చేస్తరు? ఆరెంపి డాక్టర్ కాడికి పోతరు. నొప్పుల గోలీ, నొప్పుల సూది, ఇంకా తగ్గకపోతే స్టెరాయిడ్ సూది. పదేండ్లు, పదిహేనేండ్లు. ఈ నొప్పుల గోలీలు, స్టెరాయిడ్లు రోజూ వాడితే బీపీ పెరుగుతది, కిడ్నీలు కరాబైతయి. ఇది ఏ డాక్టర్ను అడిగినా చెప్తడు. నీళ్ళు ఎముకను పట్టినయి, ఎముక నొప్పి గోలీని పట్టింది, గోలీ బీపీని పట్టింది. ఈ గొలుసుల "అలవాటు" ఎక్కడుంది సారూ?

తిండి సంగతి మల్ల ఒక భాగం రాస్తా, ఇక్కడ రెండు ముక్కలే. మన జొన్న గట్క పోయి రేషన్ బియ్యం వచ్చింది, దాని మీదికి కూరగాయ రాలే, పండు రాలే, తొక్కు, కారం, ఉప్పు వచ్చినయి. మన దిక్కు మనిషి రోజుకు తొమ్మిది గ్రాముల పైన ఉప్పు తింటున్నడు, అయిదు దాటొద్దు అంటది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌ల సన్నబియ్యం మొదలుపెట్టిండ్రు, మంచిదే, దొడ్డుబియ్యం మా ముఖాన కొట్టిన దినాలు పోయినయి. బియ్యంతోని పాటు ఉప్పు కూడ మార్చొచ్చు. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు చైనాల 600 ఊర్లల్ల వాడి చూస్తే పక్షవాతం 14 శాతం తగ్గింది. మన సిద్దిపేట జిల్లాల ఏడు ఊర్లల్ల చూస్తే బీపీ దిగింది. కిడ్నీ జబ్బున్నోళ్ళకు అది పడదు, వాళ్ళు డాక్టర్ను అడగాలె. రేషన్ షాపుల ఆ ఉప్పు పెట్టనీకి ఏం అడ్డమో సివిల్ సప్లయ్ సార్లు చెప్పాలె. కల్తీ కల్లు, బెల్టు షాపుల సంగతి కూడ ఉంది. తాగుడు బీపీ పెంచుతది, అబద్ధం గాదు. కాని వాడ మొగదల బెల్టు షాపు పెట్టి ఎక్సైజ్ ఆమ్దానీ లెక్కపెట్టుకునే ప్రభుత్వం, ఫారంల "మందు ఎన్నేండ్ల సంది" అని అడుగుతుంటే నవ్వొస్తది.

నా మాటల అసలు గట్టిది ఇది. బీపీకి నొప్పి ఉండదు. అది ఉందో లేదో తెలవాలంటే ఒక్కటే దారి, ఎవరో ఒకరు వచ్చి మన జబ్బ పట్టుకుని, పట్టా చుట్టి, చూడాలె. ముట్టాలె. ఏ రక్తపరీక్ష అక్కర లేదు, మెషిన్ రెండు మూడు వేలకు వస్తది. ముట్టుడు మాత్రం కావాలె.

అంబేడ్కర్ సారు వెయిటింగ్ ఫర్ ఎ వీసాల ఒక కథ పెట్టిండు, 1929ల యంగ్ ఇండియాల వచ్చిన ఉత్తరం అది. కాఠియావాడ్ల ఒక అంటరాని బడి పంతులు భార్యకు కాన్పయినంక జబ్బు చేసింది. డాక్టర్ వాడలకు రానన్నడు. బతిమాలి, పెద్దమనుషులను పట్టి, రెండు రూపాయలు ఇచ్చినంక, ఆమెను వాడ బయటికి తీసుకొస్తే చూస్తనన్నడు. థర్మామీటర్ ఒక ముస్లిం చేతికిచ్చిండు, అతను భర్త చేతికిచ్చిండు, భర్త భార్యకు పెట్టిండు, మల్ల అదే దారిల వెనకకు. నిమోనియా అన్నడు డాక్టర్. మల్ల రాలే. ఆమె చనిపోయింది. దళితులం అందరం ఈ కథ చదివినోళ్ళమే, చదివి కోపం తెచ్చుకున్నోళ్ళమే. నేను అడిగేది ఏందంటే, థర్మామీటర్‌ను ముగ్గురి చేతులు మార్చొచ్చు. బీపీ పట్టాను ఎట్ల మారుస్తరు? దాన్ని కట్టేటోడే కట్టాలె. అందుకే ఇప్పుడు ముట్టనని ఎవరూ అనరు. వాడకు రారు, అంతే.

మా ఊర్లనే చూసిన. బీపీ షుగర్ క్యాంపు పెడతరు. ఎక్కడ? గుడి మండపంల. నీడ ఉంటది, ఫ్యాన్లు ఉంటయి, నీళ్ళు ఉంటయి, తప్పు పట్టనీకి ఏం లేదు చూడనీకి. ఆ మండపం మెట్టు ఎక్కని మా వాడ ముసలోళ్ళు క్యాంపుకు పోరు. సాయంత్రానికి రిజిస్టర్ల ఊరంతా స్క్రీనింగ్ అయిపోయిందని పడతది. ఎవరూ ఎవరినీ రావొద్దనలే. కేసు పెట్టనీకి మాట లేదు, చెయ్యి లేదు, సాక్షి లేడు. 1989 అట్రాసిటీ చట్టంల ఏ సెక్షన్ కింద పెడతరు, ఒక మెషిన్ మా వాడకు నడిచి రాలేదని?

జబ్బు పడ్డ దినం సంగతి. మూతి వంకర పోతే, మాట ముద్ద ముద్దగ వస్తే, ఒక దిక్కు చెయ్యి లేవకపోతే, అది పక్షవాతం, ఇది అందరు యాదిల పెట్టుకోండి. ఎక్కువ మందిల రక్తం గడ్డకట్టి నరం మూసుకుపోతది, కొందరిల నరం చిట్లుతది. ఏది అయిందో సీటీ స్కాన్ తీస్తేనే తెలుస్తది. గడ్డ అయితే కరిగించే ఇంజెక్షన్ ఉంది, నాలుగున్నర గంటలల్ల ఇయ్యాలె. దేవరకొండ దిక్కు ఒక తండాల తెల్లారుజామున చెయ్యి పడిపోయిందనుకోండి. ఇంట్లోళ్ళు గుర్తుపట్టాలె, ఆరెంపి వచ్చి గ్లూకోజ్ పెట్టి ఒక గంట తినకుండ ఉండాలె, 108 రావాలె, రోడ్డెక్కాలె, పోయిన ఆస్పత్రిల స్కాన్ నడుస్తుండాలె, దాన్ని చదివే డాక్టర్ ఉండాలె, ఇంజెక్షన్ ఫ్రిజ్‌ల ఉండాలె. ఒక్కటి తప్పితే హైదరాబాద్ పో అంటరు, వంద కిలోమీటర్ల పైన. అమ్రాబాద్ చెంచులకు ఈ లెక్క చెప్పుడే పాపం. మనోళ్ళు పావురం రక్తం రుద్దుతరని, పసరు పోస్తరని పట్నపోళ్ళు నవ్వుతరు. నేను కూడ పావురం రక్తంతోని ఏం గాదనే చెప్త, పరుగున ఆస్పత్రికి పొమ్మనే చెప్త. కాని నవ్వేటోళ్ళారా, పావురం మా ఇంటి చూరుల ఉంది. సీటీ స్కాన్ యాడుంది?

మెడికల్ కాలేజీలు వచ్చినయి గదా అంటరు. వచ్చినయి. 2016ల మహబూబ్‌నగర్, 2019ల నల్లగొండ, సూర్యాపేట, 2022ల వనపర్తి, నాగర్‌కర్నూల్, 2024ల నారాయణపేట, గద్వాల, భువనగిరి. బోర్డులు మంచిగున్నయి, మన పిల్లలకు సీట్లు వచ్చినయి, సంతోషమే. ఒక్క ప్రశ్న అడుగుతున్న. పోయిన ఏడాది ఈ ఆస్పత్రులల్ల రాత్రి పది నుంచి పొద్దున ఆరు మధ్యల ఎంతమందికి ఆ గడ్డ కరిగించే సూది ఇచ్చిండ్రు? వాళ్ళు ఏ మండలమోళ్ళు, ఏ కులమోళ్ళు?

ఆరోగ్యశ్రీ కూడ యాది చేస్తరు. 2007 ఏప్రిల్ల అది మొదలైన మూడు జిల్లాలల్ల మన మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబర్ల హద్దు పది లక్షలు చేసిండ్రు. పది లక్షల ఆపరేషన్‌కు కార్డు నడుస్తది, రోజుకు రూపాయి రెండు రూపాయల బీపీ గోలీకి నడవదు. గోలీ పీహెచ్‌సీల ఉచితంగ వస్తది అంటరు. నెల నెలా పోయి తెచ్చుకోవాలె, కూలి పోగొట్టుకోవాలె. ముంబైల ఉన్నోనికి ఎవరిస్తరు? గుంపు మేస్త్రీ ఇస్తడా? కేంద్రం 2010ల ఒక కార్యక్రమం పెట్టింది, క్యాన్సర్, షుగర్, గుండె జబ్బు, పక్షవాతం అని పేర్లన్నీ పెట్టి. 2023ల పేరు మార్చి అంటువ్యాధులు కాని జబ్బులు అని ఒక్క మాటల ముగించిండ్రు. పక్షవాతం పేరుల నుంచి కూడ పోయింది.

చచ్చినంక కూడ లెక్క ఒక్కటి కాదు. 2018 ఆగస్టుల రైతు బీమా వచ్చింది. 18 నుంచి 59 ఏండ్ల లోపు పట్టా ఉన్న రైతు ఏ కారణంతోని చనిపోయినా ఇంటికి అయిదు లక్షలు. పక్షవాతంతోని చనిపోయినా అయిదు లక్షలే. మంచి పథకం, ఎవరి నోటికాడిది తీయమని నేను అనను. అదే పొలంల, అదే ఎండల, ఆ రైతు పక్కన వంగి పత్తి ఏరిన కూలి అదే పక్షవాతంతోని చనిపోతే? పట్టా లేదు, బీమా లేదు. కేంద్రం ఇచ్చే కుటుంబ సహాయం ఇరవై వేలు, అది కూడ తిరిగి తిరిగి తెచ్చుకుంటే. అయిదు లక్షలకు, ఇరవై వేలకు నడుమ ఉన్నది భూమి. మన దిక్కు భూమి ఎవరికుందో ఎవరికి లేదో కులగణన చేసినోళ్ళకు నేను చెప్పాల్నా? అందుకే అంటున్న, పేదరికం అని ఒక్క మాటతోని దాటెయ్యకు సారూ. మా పేదరికానికి కూడ ఒక కులం ఉంది.

నేను అడిగేవి పెద్ద కోరికలు గావు. చావు ఫారంల కులం గడి పెట్టండి, ఎస్సీ అని ఒక్క ముద్దగ కాకుండ మాదిగ, మాల, డక్కలి, చిందు అని వేరువేరుగ. వర్గీకరణ చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమలైంది గదా, ఉద్యోగాలు పంచనీకి విడదీసినోళ్ళు చావులు లెక్కపెట్టనీకి కూడ విడదీయాలె. వలసపోయి చచ్చినోని చావు సొంత ఊరి లెక్కల రాయండి. బీపీ మెషిన్ వాడలకు, తండాలకు, పెంటలకు రావాలె, మమ్మల్ని మండపానికి పిలువుడు కాదు. గోలీలు మూడు నెలలవి ఒక్కసారే ఇయ్యండి, వలసపోయేటోనికి ఆర్నెల్లవి. కూలికి కూడ రైతు లెక్కనే అయిదు లక్షల బీమా.

సమాచార హక్కు దరఖాస్తు రాసి పెట్టిన. పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ కింద ఇప్పుడున్న ఎనిమిది జిల్లాల వైద్యాధికారులకు వేరువేరుగ వేయాలె. ప్రశ్నలు మూడే. రాత్రిపూట సీటీ స్కాన్ నడిచిన దినాలు ఎన్ని, గడ్డ కరిగించే సూది ఎంతమందికి ఇచ్చిండ్రు, బీపీ క్యాంపులు ఊర్ల ఏ స్థలంల పెట్టిండ్రు. మూడో ప్రశ్నకు జవాబు చూడాలని నాకు బాగ ఉంది. ఎవరి జిల్లాది వాళ్ళు వేయండి, పదిరూపాయల స్టాంపు చాలు, తెల్లరేషన్ కార్డు ఉంటే అది కూడ అక్కర లేదు. దరఖాస్తు కావాలన్నోళ్ళు అడగండి, పంపుత.

వచ్చే భాగంల ఉప్పు, తొక్కు, అంగన్వాడీ గుడ్డు.

జై భీమ్.